గాలిలో తిరిగే మా అల్లుడు

పోయిన నెల రేషన్ కార్డులో పేరు మార్చుకొనే తిప్పలు రాసినాను. అది చదివిన ఇద్దరు ముగ్గురు బస్టాండు దగ్గర నన్ను నిలబెట్టి, "ఏమప్పా, ఎప్పుడు చూసినా తిప్పలేనా? ఈ సారన్నా నవ్వుకొనేది ఏమన్నా రాయి" అన్నారు. సరే అని ఈ నెల మా అల్లుణ్ణి పట్టుకొన్నాను. వాడు కోప్పడడు. నాకు అల్లుడు కాకముందు వాడు మా అక్క కొడుకు, నా భుజం మీద పెరిగినోడు. అందుకే 'వాడు' అని రాస్తా ఉండాను. అల్లుడికి మర్యాద లేదే అని ఎవరూ అనుకోవద్దు.

వాడి పని నూలు మిషన్లు బాగుచేసేది. కోయంబత్తూరు పక్క మిషన్లు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం, కాపురం బెంగళూరులో. ఆ కంపెనీ మిషను దేశంలో యాడ నిలిచిపోయినా వీడు పోవాల. సోమవారం అహ్మదాబాదు, బుధవారం ఇండోరు, శుక్రవారం విజయవాడలో దిగి గుంటూరు పక్క మిల్లు, శనివారం రాత్రికి ఇల్లు. మా కాలంలో మిషను చెడిపోతే ఫిట్టరు రైల్లో వచ్చేవాడు. ఒక ఇనప పెట్టె, ఒక పరుపు చుట్ట. పది దినాలు ఉండి, మన ఇండ్లలో రాగి సంగటి తిని, మన పిల్లోల పేర్లు నేర్చుకొని పోయేవాడు. ఇప్పటి వాళ్ళు పొద్దున దిగి రాత్రికి ఎక్కేస్తారు. మిల్లు తెలుసు, ఊరు తెలీదు.

ఒకప్పుడు విమానం అంటే మనకు తలెత్తి చూసేదే. 1932 అక్టోబరులో టాటా వాళ్ళు మొదటిసారి కరాచీ నుంచి బొంబాయికి, అక్కణ్ణించి బళ్ళారి మీదుగా మద్రాసుకు విమానం నడిపితే అందులో పోయినవి ఉత్తరాలు, మనుషులు కాదు. 2003లో కెప్టెన్ గోపీనాథ్ బెంగళూరులో ఎయిర్ డెక్కన్ పెట్టి టికెట్టు ధర దించినంక మామూలు మనిషి కూడా ఎక్కడం మొదలుపెట్టినాడు. ఆయన బతుకును ఆధారం చేసుకొని తీసిందే సూర్య సినిమా, తెలుగులో 'ఆకాశం నీ హద్దురా'. మన కాలనీలో ఆ సినిమా చూడని ఇల్లు లేదు. కానీ ఏడాదికి ఒకసారి ఎక్కే వాళ్ళు వేరు, వారానికి నాలుగు సార్లు ఎక్కే వాళ్ళు వేరు. రెండో రకం వాళ్ళకు కొన్ని అలవాట్లు అంటుకొంటాయి. నేల మీద దిగినా అవి పోవు.

మొదటిది తూకం. విమానం లోపలికి తీసుకొనిపోయే చేతి సంచి 7 కిలోలు దాటకూడదు. కింద వేసే పెట్టెకు మామూలుగా 15 కిలోలు. మా వాడు కింద పెట్టె వేయనే వేయడు. దిగినంక అది వచ్చే దాకా కాచుకోవాల, అరగంట పోతుంది అంటాడు. పనిముట్లు మిల్లులోనే ఉంటాయంట, గుడ్డలు మాత్రం ఆ ఏడు కిలోల్లోనే. సంచిని రెండు వేళ్ళతో ఎత్తి, కండ్లు మూసుకొని, "ఆరు కిలోల ఎనిమిది నూర్లు మామా" అంటాడు. నాకు నమ్మకం లేక, పాత పేపర్లు కొనే ఆయన వస్తే ఆయన తక్కెడకు తగిలించినాను. ఆరు కిలోల ఏడు నూర్ల యాభై. నేనేమీ అనలేదు. నేను కూడా నూలు పోగును బొటనవేలితో నలిపి ఇది నలభయ్యో అరవయ్యో కౌంటు అని చెప్పినవాణ్ణే.

బరువు హెచ్చితే దానికీ ఒక ఉపాయం ఉంది. సంచికి తూకం ఉంది గాని వంటి మీద ఉండేదానికి తూకం లేదు గదా. బరువైన బూట్లు కాళ్ళకు, లావు కోటు వంటికి, చార్జరు, పుస్తకం, రెండు చొక్కాలు కోటు జేబుల్లోకి. మే నెల ధర్మపురి ఎండలో అట్ల కోటు వేసుకొని బస్సు దిగుతాడు. ఎదురింటామె నన్ను చాటుగా అడిగింది: "అన్నా, మీ అల్లుడికి చలిజొరమా?"

రెండోది వాకిలి. విమానాశ్రయంలో తనిఖీ వాకిలి దగ్గర బెల్టు, గడియారం, పర్సు, సెల్లు అన్నీ ఒక తట్టలో పెట్టి, చేతులు చాపి నిలబడాల. వారానికి నాలుగు సార్లు చేస్తే చెయ్యి దానంతట అదే పోతుంది. కోట గుడికి కామాక్షమ్మ దర్శనానికి పోతిమి. చెప్పులు విడిచేచోట వీడు బెల్టు కూడా విప్పినాడు. పూలమ్మే ఆమె "చెప్పులు చాలు సామీ, బెల్టు వద్దు" అనింది. ఇంకోసారి మా తమ్ముడి ఇంట్లో పెండ్లి. మండపం వాకిట్లో పిల్లలు గంధం, కలకండ తట్ట పట్టుకొని నిలబడి ఉండారు. వీడు ఫోన్లో మాట్లాడుకొంటా వచ్చి, మాట ముగించి, సెల్లును ఆ కలకండ తట్టలో పెట్టి చేతులు చాపినాడు. పెండ్లి వీడియోలో అది ఉంది. ఇప్పుడు కూడా వేసుకొని చూస్తాము.

మూడోది సీటు. విమానంలో కిటికీ పక్క సీటు కావాలని అడిగేవాడు కొత్తవాడంట. నడిచే దారి పక్క సీటు అడిగేవాడు పాతవాడు. లేచేదానికి ఎవరినీ దాటే పని లేదు గదా. వీడు పెండ్లి బంతిలో కూడా వరస కడపటి ఆకు దగ్గరే కూర్చుంటాడు. ఇంకొకటి ఉంది. విమానం చక్రాలు నేలకు తగిలీ తగలకముందే అందరూ లేచి సంచులు దించుకొని నిలబడతారు, తలుపు తెరిచేదానికేమో పది నిమిషాలు పడుతుంది. ఆ సంగతి తెలిసినవాడు కదలడు. అందరూ దిగినంక తీరిగ్గా లేస్తాడు. ఇది విమానంలో బాగానే ఉంటుంది. ధర్మపురి బస్టాండులో బస్సు నిలిచినా వీడు అట్లే కూర్చుంటే, కండక్టరు టికెట్ సంచి సర్దుకొంటా అడిగినాడు: "ఏం సార్, డిపోకు వస్తారా?"

నాలుగోది చిన్న చిన్న వస్తువులు. లాడ్జిల్లో ఇచ్చే వేలెడు సబ్బులు, షాంపూ సీసాలు, చక్కెర పొట్లాలు. మా ఇంట్లో ఒక డబ్బా నిండా ఉండాయి. తల తడవకుండా పెట్టుకొనే ప్లాస్టిక్ టోపీలు కూడా తెస్తాడు. మా ఇంటామె వాటిని పెరుగు గిన్నెల మీద మూత వేస్తుంది. "వాడు విమానం ఎక్కినందుకు నాకు మిగిలిన లాభం ఇదొకటే" అంటుంది.

ఐదోది నోరు. విమానం ఎక్కినవాడు ఊరికే నీళ్ళు తాగుతా, పెదాలకు ఏదో పూసుకొంటా ఉంటాడు. ఇది పిచ్చి కాదు. మన స్పిన్నింగ్ డిపార్టుమెంటులో గాలి తేమ నూటికి 55, 60 ఉండాల. లేకుంటే పోగు తెగుతుంది. దానికోసమే నీళ్ళు చల్లే ప్లాంటు పెట్టి ఉంటారు. విమానంలో తేమ 20కి కూడా లోపలే. ఆ గాలిలో నూలు నడిపితే ఒక్క పోగు నిలవదు. మనిషి నాలుక కూడా అంతే. ఇంకొకటి, విమానం 35,000 అడుగుల మీద పోతా ఉంటే లోపలి గాలిని 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీది గాలి మాదిరిగా పెడతారు. అంటే ఊటీ కొండ మీద కూర్చున్నట్లు. ఆ ఎండు గాలికి, ఆ ఎత్తుకు, ఇంజను రొదకు ఉప్పూ తీపీ సరిగ్గా తెలీవు. అందుకని వీడు జేబులో ఎప్పుడూ కరివేపాకు పొడి పొట్లం పెట్టుకొంటాడు.

ఆరోది ఇడ్లీ. తరచుగా ఎక్కేవాళ్ళకు విమానాశ్రయంలో వేరే గది ఉంటుంది, మెత్తటి కుర్చీలు, తిండి. కొన్ని బ్యాంకు కార్డులు గీకితే 2 రూపాయలే పట్టుకొని లోపలికి పంపుతారు. ఆ రెండు రూపాయల ఇడ్లీ కోసం వీడు విమానానికి రెండు గంటలు ముందే పోతాడు. మా ఇంటామె అడిగింది: "అమ్మ ఉణవగంలో ఇడ్లీ ఒక్క రూపాయే గదా. దానికి కార్డెందుకు, విమానం ఎందుకు?" వాడి దగ్గర జవాబు లేదు.

ఇంక ఏడోది, అన్నిటికన్నా పెద్ద జబ్బు, పాయింట్లు. ఎంత ఎగిరితే అంత లెక్క రాసుకొని, ఆ లెక్కకు ఊరికే టికెట్టు ఇచ్చే పద్ధతిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. తరువాత అన్ని దేశాల కంపెనీలూ పట్టుకొన్నాయి. అదే 1981లో ఆ కంపెనీ రెండున్నర లక్షల డాలర్లు కట్టినవాడికి బతికినంత కాలం ఎక్కే పాసు కూడా అమ్మింది. చికాగో ఆయన ఒకడు 1987లో అది కొని పదివేల సార్లకు పైన ఎక్కి దిగినాడు. కంపెనీకి తల తిరిగి 2008లో పాసు రద్దు చేస్తే కోర్టు దాకా పోయింది. 1999లో కాలిఫోర్నియా ఇంజనీరు ఒకాయన ఇంకా గట్టివాడు. పుడ్డింగు అని పాయసం లాంటి తిండి కప్పుల్లో అమ్ముతారు. ఆ కప్పుల చీటీలు పంపితే విమానం మైళ్ళు ఇస్తామని ప్రకటన వచ్చింది. ఆయన లెక్క వేసి 12,150 కప్పులు కొన్నాడు. మూడువేల డాలర్ల పైచిలుకు ఖర్చు, పన్నెండు లక్షల మైళ్ళకు పైన రాబడి. చీటీలు పీకేదానికి చేతులు చాలక, పాయసం అంతా ధర్మసంస్థకు ఇచ్చి, చీటీలు మాత్రం పీకి ఇమ్మన్నాడంట.

మా వాడు అంత దూరం పోలేదు గాని దగ్గరికి పోయినాడు. వాడి దగ్గర గోల్డు కార్డు ఉంది. ఏడాదికి ఇన్ని సార్లు ఎక్కితేనే అది నిలుస్తుంది, డిసెంబరు 31తో లెక్క ముగుస్తుంది. ముందటి ఏడు లెక్కకు ఒక్క చుట్టు తక్కువ పడిందని ఆదివారం పొద్దున హైదరాబాదు పోయి మధ్యాహ్నానికి వచ్చేసినాడు. నేను అడిగినాను, "చార్మినారు చూస్తివా నాయనా?" అని. "లేదు మామా. దిగి, అదే విమానం మళ్ళా ఎక్కినాను" అన్నాడు. ఆ దినం నేను నవ్విన నవ్వుకు కండ్లలో నీళ్ళు వచ్చినాయి.

మీలో కూడా ఎవరన్నా మొదటిసారి ఎక్కే వాళ్ళు ఉంటే, వాడి దగ్గర నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్తాను. మనకు బెంగళూరు దేవనహళ్ళి కన్నా దగ్గర ఓమలూరు పక్క కామలాపురంలో ఉండే సేలం విమానాశ్రయం. 1993లో కట్టింది, శానా ఏండ్లు సర్వీసు లేక పడి ఉండె. 2018 మార్చిలో హైదరాబాదు కంపెనీ ట్రూజెట్ చెన్నైకి నడిపింది, తరువాత నిలిచిపోయింది, 2023 అక్టోబరులో మళ్ళీ విమానాలు వచ్చినాయి. సెల్లుకు చార్జి ఎక్కించే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాల, కింద వేసే పెట్టెలో పెట్టకూడదు. ఎండు కొబ్బరి తీసుకొనిపోవద్దు, నూనె జాస్తి, దానంతట అది వేడెక్కి అంటుకొనే గుణం ఉంది. తడి తగిలిన పత్తి బేలు గోడౌనులో లోలోపల వేడెక్కేది మనకు తెలియనిదా. ఊరగాయ, కారంపొడి కింద పెట్టెలో వేయండి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తే ఎంగిలి మింగతా ఉండండి, చంటిబిడ్డకు పాలు పట్టండి.

సరే. ఇవన్నీ చెప్పుకొని ఒక రాత్రి నేను నవ్వుతా ఉంటే మా ఇంటామె మిద్దె మీద బియ్యం ఏరుతా అనింది: "వాణ్ణి చూసి నవ్వుతావే, నీ సంగతి ఏంది?" నేను "నాకేమి?" అంటిని. ఆమె వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. రిటైరై ఎనిమిదేండ్లు అయినా తెల్లవారి ఐదుకు సైరన్ మోగినట్లు లేచి కూర్చుంటావు. ఒకే గదిలో ఉండి, రింగ్ ఫ్రేము రొదలో అరిచినట్లు అరుస్తావు. టీవీలో మాట వినబడకున్నా పెదాలు చూసి అర్థం చేసుకొంటావు. బస్సులో ముందు సీటు ఆయన చొక్కా మీద దారం కనబడితే ఊరుకోలేక తీస్తావు, ఆయన తిరిగి కొట్టబోయె. అన్నం పది నిమిషాల్లో మింగుతావు. నాకు నోట మాట రాలేదు.

ఆమె అంతటితో నిలపలేదు. "నీది ఫుల్ నైట్ వారం అయితే ఈ ఇంట్లో పగలు కుక్కరు విజిలు వేయకూడదు. రేడియో పెట్టకూడదు. పిల్లోల్ని పక్కింటి తిన్నె మీదికి తరిమేదాన్ని. పెద్దదాన్ని చూడు. ఇప్పుడు దానికి ఒక బిడ్డ. ఇప్పటికీ తలుపు వేస్తే చప్పుడు రాదు."

నిజమే. మా అమ్మాయి తలుపు వేసేది నేను ఎన్నిసార్లో చూసినాను. గడియ మీద వేలు పెట్టి, రెక్కను మెల్లగా ఆనిస్తుంది. అది నాకోసం నేర్చుకొన్న అలవాటని నాకు తట్టలేదు. ఇప్పుడు అక్కడ వాడు తెల్లవారి మూడుకు దిగి పగలు పడుకొంటే, అదే చెయ్యి అదే పని చేస్తా ఉంది.

పాయింట్ల విషయం కూడా నాకు కొత్త కాదు. ఇది ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు రాస్తాను. 1989లో మా మిల్లులో ఏడాదంతా ఒక్క నాగా లేకుండా వచ్చినవాడికి కొంత డబ్బు, పేరు చెక్కిన స్టీలు బిందె ఇస్తామన్నారు. నేను జొరంతో పోయినాను, వాన్లో తడిసి పోయినాను. డిసెంబరు కడపటి వారం వచ్చింది, నాలుగు దినాలు మిగిలినాయి. మా అమ్మకు ఆయాసం ఎక్కువైంది. మూడేండ్ల మనవడు, అంటే ఈ అల్లుడే, ఆమె పక్కలో పడుకొని ఉండాడు. మా అక్క "ఈ ఒక్క దినం నిలువు తమ్ముడా" అనింది. "షిఫ్టు ముగించి వచ్చేస్తా కదా" అంటిని. సాయంత్రం నాలుగు గంటల షిఫ్టు. రాత్రి తొమ్మిదికి గేటు దగ్గరికి సైకిల్లో పిల్లోడు వచ్చినాడు. నేను తల మీది దూది దులుపుకొని ఇల్లు చేరేలోపల అయిపోయింది.

మరుదినం మధ్యాహ్నానికి మట్టి చేసినాము. సాయంత్రం నాలుగుకు నేను షిఫ్టులో ఉండాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. నేనే పోయినాను. జనవరిలో బిందె ఇచ్చినారు, చప్పట్లు కొట్టినారు. మా అక్క ఏడాది నాతో మాట్లాడలేదు. మా ఇంటామె ఆ బిందెలో ఒక్కసారి కూడా నీళ్ళు తేలేదు. ఇప్పుడు కూడా అటక మీద ఉంది.

పోయిన డిసెంబరులో మా అమ్మ తిథికి అందరం మా ఇంట్లో చేరినాము. అమ్మాయి, మనవరాలు ముందే వచ్చినారు. రెండు దినాల ముందు వాడు ఫోను చేసినాడు. "మామా, ఈ సారి కూడా గోల్డుకు ఒక్క చుట్టు తక్కువ. నాకు సెలవు దొరికింది ఆ ఒక్క దినమే. పొద్దున పోయి వస్తే సాయంత్రానికి ధర్మపురిలో ఉంటా." మా అమ్మాయి పక్కనే నిలబడి విన్నది. ఏమీ అనకుండా లోపలికి పోయి తలుపు వేసింది. చప్పుడు రాలేదు.

నాకు కోపం రాలేదు. కోప్పడేదానికి నాకు యోగ్యత యాడిది? "నీ ఇష్టం నాయనా. వచ్చినప్పుడు అటక మీది బిందె ఒకటి దించాల, నా చేతికి అందదు" అంటిని. వాడికి ఆ బిందె కథ వాళ్ళ అమ్మ చెప్పి ఉంది. కొంచెం సేపు ఫోన్లో ఏమీ వినబడలేదు. తరువాత పెట్టేసినాడు.

తిథి దినం తెల్లవారి పాలు తెచ్చేదానికి బస్టాండు పక్కకు పోయినాను. బెంగళూరు బస్సు లోపలికి తిరుగుతా ఉంది. ఇంకా నిలవనేలేదు, మెట్టు మీద ఒకడు కమ్మి పట్టుకొని వేలాడతా ఉండాడు, కండక్టరు తిడతా ఉండాడు. చూస్తే మా వాడు. వంటి మీద కోటు లేదు.

"గోల్డు?" అని అడిగినాను. "పోయింది మామా, ఇంక సిల్వరే" అన్నాడు. పాల క్యాను నా చేతిలోనుంచి తీసుకొని ముందర నడిచినాడు. ఇంటి వాకిట్లో చెప్పులు విడిచినాడు. చెయ్యి నడుముకు పోయింది, బెల్టు విప్పినాడు, గడియారం, సెల్లు తీసి, మా అమ్మ పటం ముందర పెట్టిన తాంబూలం తట్టలో పెట్టబోయినాడు. మా అక్క చూసి నవ్వింది. ఆ తిథి దినం మా అక్క నవ్వేది నేను అంతకు ముందు చూడలేదు.

భోజనాలు అయినంక బిందె దించినాడు. మనవరాలు దాని మీద నా పేరు అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. మిగిలిన పాయింట్లతో సేలం నుంచి మాకు ఇద్దరికీ టికెట్ తీస్తానని వాడు అన్నాడు. మా ఇంటామె కొంచెంసేపు ఆలోచించి అడిగింది: "నాకు బెల్టు లేదు గదా నాయనా, నన్ను ముందే పంపిస్తారా?"

వచ్చే నెల పి.ఎఫ్. పెన్షనుకు ఏడాదికి ఒకసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గురించి రాస్తాను. అది నవ్వే విషయం కాదు గాని, నవ్వు వస్తే మాత్రం రాయకుండా ఉండను.